జూలు రాలుతున్న గుర్రానికి ఇంకో పొడి కలపాలా?

ప్రశ్న: మాది గుంటూరు పక్కన పల్లెటూరు. మూడేళ్ల కిందట రాజస్థాన్‌లోని పుష్కర్ సంత నుంచి ఒక మార్వారీ ఆడ గుర్రాన్ని తెచ్చుకున్నాం. పెళ్లి ఊరేగింపులకు పంపేవాళ్లం. ఇప్పుడు చూడితో ఉంది, ఎనిమిదో నెల. డాక్టరు గారు టేపుతో కొలిచి బరువు 350 కిలోల దాకా ఉందన్నారు. రోజుకు నాలుగు కిలోల వరిగడ్డి, రెండున్నర కిలోల గోధుమ పొట్టు, కిలో ఉడికించిన ఉలవలు పెడతాం. ఆరు నెలల నుంచి పక్క తోటలో కొట్టేసిన సుబాబుల్ రొట్ట కూడా దొరికినంత వేస్తున్నాం. నాలుగు నెలలుగా జూలు, తోక వెంట్రుకలు చేతికి వచ్చేస్తున్నాయి. గిట్టల మీద అడ్డంగా గీతలు పడ్డాయి. ఒళ్లు రంగు వెలిసింది. ఖనిజాల లోపమని అందరూ చెప్పగా రెండు నెలలుగా పశువుల ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు, గిట్టల పొడి 30 గ్రాములు, విటమిన్ ఇ–సెలీనియం పొడి 50 గ్రాములు, ఇనుము టానిక్ ఇస్తున్నాం. తగ్గలేదు. డబ్బాల మీద రాసినవన్నీ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. చిటికెడు మైలుతుత్తం వేయమని ఒకరు, కోళ్ల దాణాలో ఖనిజాలన్నీ ఉంటాయి కనుక అది కలపమని ఇంకొకరు అంటున్నారు. ఏది కలపాలి?

సమాధానం: ఏదీ కలపవద్దు. ఇస్తున్న నాలుగింటిలో మూడు ఆపేయండి. సుబాబుల్ రొట్ట ఈ పూట నుంచే మానేయండి. కోళ్ల దాణా మాత్రం ఆ గుర్రపుశాల దరిదాపులకు కూడా రానివ్వకండి. దాని సంగతి కింద వివరంగా రాస్తాను. ఈ ఉత్తరం మొత్తం చదివే తీరిక లేకపోయినా ఆ ఒక్క మాట గుర్తుంచుకోండి.

మీరు రాసిన నెలల వరుసను మరోసారి చూడండి. సుబాబుల్ మొదలుపెట్టి ఆరు నెలలు. వెంట్రుకలు రాలడం మొదలై నాలుగు నెలలు. పొడులు మొదలై రెండు నెలలు. అంటే పొడులు రాకముందే జూలు రాలుతోంది, సుబాబుల్ వచ్చిన రెండు నెలలకు రాలడం మొదలైంది. అంతకుముందు రెండున్నరేళ్లు ఇదే వరిగడ్డి, ఇదే పొట్టు తిని ఈ గుర్రం బాగానే ఉంది. ఖనిజాల లోపమే కారణమైతే అది మెల్లగా, ఒళ్లంతా కనిపించేది. ప్రత్యేకంగా జూలు, తోకలోని పొడుగాటి వెంట్రుకలే ఊడి రావడం వేరే సంగతి చెబుతుంది.

సుబాబుల్ ఆకులో, లేత కొమ్మల్లో, గింజల్లో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది. వెంట్రుక మొదట్లో కణాలు పెరగకుండా అది అడ్డుకుంటుంది. గుర్రాల్లో దాని మొదటి గుర్తు జూలు, తోక వెంట్రుకలు రాలడమే. గిట్టల మీద కూడా దాని ప్రభావం పడుతుంది. మరి మేకలు, గేదెలు తింటున్నాయి కదా అని మీకు అనిపించవచ్చు. నెమరు వేసే పశువుల మొదటి పొట్టలో ఉండే సూక్ష్మజీవులు మైమోసిన్‌ను చాలావరకు విడగొడతాయి. వాటికి కూడా మితిమీరితే ప్రమాదమే. గుర్రానికి ఆ పొట్ట లేదు. దానికి మేత పులిసేది చివర ఉన్న పెద్దపేగుల్లో. అక్కడికి చేరేలోపే మైమోసిన్ రక్తంలోకి వెళ్లిపోతుంది. పైగా ఇది జింక్, ఇనుము వంటి లోహాలను పట్టి ఉంచే గుణం ఉన్న పదార్థం. దాని నుంచి పుట్టే మరో పదార్థం థైరాయిడ్ గ్రంథి పనికి అడ్డుపడుతుంది. చూడి గుర్రానికి ఇది అసలే మంచిది కాదు. కాగితపు మిల్లుల కోసం మన కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో సుబాబుల్ తోటలు విస్తారంగా ఉన్నాయి. కొట్టిన చోట రొట్ట ఉచితంగా దొరుకుతుంది కనుక మీరు వేశారు. అందులో మీ తప్పేమీ లేదు, పశువులకు మంచి మేత అని చెప్పేది దీన్నే. గుర్రానికి మాత్రం అది వర్తించదు. ఆపేస్తే వెంట్రుకలు మళ్లీ వస్తాయి.

నా అనుమానాన్ని మీరే సరిచూసుకునే దారి ఒకటి ఉంది. గిట్ట నెలకు ఆరు నుంచి పది మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెంట్రుకలు ఆగి గిట్ట మొదలయ్యే అంచు నుంచి మొదటి అడ్డగీత దాకా స్కేలుతో కొలవండి. మూడు, నాలుగు సెంటీమీటర్ల కింద ఉంటే ఆ గీత నాలుగైదు నెలల నాటిది, సుబాబుల్ కాలంలో పడింది. ఒక సెంటీమీటరు లోపలే కొత్త గీతలు కూడా ఉంటే పొడుల సంగతి కూడా తీవ్రంగా ఆలోచించాలి. గీతల దగ్గర వేడి ఉన్నా, గుర్రం కాలు మార్చి మార్చి నిలబడుతున్నా నా జవాబు కోసం చూడకుండా డాక్టరు గారిని పిలవండి.

ఇక పొడుల లెక్క. సూక్ష్మ ఖనిజాలు ఇచ్చేటప్పుడు చేయాల్సిన మొదటి పని ఇప్పటికే లోపలికి ఎంత వెళుతోందో కూడటం. డబ్బా డబ్బాకూ పేరు వేరైనా లోపల ఉన్నది చాలావరకు అవే ఖనిజాలు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2007లో ప్రకటించిన ప్రమాణాలనే గుర్రాల మేతకు ఇప్పటికీ ఎక్కువమంది ఆధారంగా తీసుకుంటారు. వాటి ప్రకారం 500 కిలోల గుర్రానికి రోజుకు ఒక మిల్లీగ్రాము సెలీనియం చాలు. మీ గుర్రానికి 0.7 మిల్లీగ్రాములు. ఇప్పుడు మీరు పంపిన చీటీలు చూద్దాం. ఖనిజ లవణ మిశ్రమం కిలోలో 10 మిల్లీగ్రాముల సెలీనియం, మీరిచ్చే 50 గ్రాముల్లో అర మిల్లీగ్రాము. గిట్టల పొడి కిలోలో 50 మిల్లీగ్రాములు, మీ 30 గ్రాముల్లో ఒకటిన్నర. విటమిన్ ఇ–సెలీనియం పొడి కిలోలో 100 మిల్లీగ్రాములు, మీ 50 గ్రాముల్లో అయిదు. మూడూ కలిపితే 7 మిల్లీగ్రాములు. అవసరానికి పది రెట్లు, అదీ మేతలో సహజంగా ఉండే సెలీనియం కలపకుండానే.

భయపడకండి. రోజుకు ఏడు కిలోల ఎండు మేత లెక్కన ఇది కిలోకు ఒక మిల్లీగ్రాము. గుర్రాలు తట్టుకోగల హద్దుగా ఒకప్పుడు కిలోకు 2 మిల్లీగ్రాములని చెప్పేవారు, తర్వాత 5 అన్నారు. కనుక మీ గుర్రానికి సెలీనియం విషం ఎక్కిందని నేను అనడం లేదు. కానీ సెలీనియం ఎక్కువైన గుర్రంలో కనిపించే లక్షణాలు ఏమిటో తెలుసా? జూలు, తోక రాలడం, గిట్ట పైఅంచు దగ్గర అడ్డంగా పగలడం. సరిగ్గా మీరు దేనికి మందుగా ఆ పొడి ఇస్తున్నారో అవే. లోపమని నమ్మి, తగ్గలేదని మోతాదు పెంచుతూ పోయేవారికి ఎదురయ్యే అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పంజాబ్‌లో హోషియార్‌పూర్, నవాన్‌షహర్ వైపు కొన్ని పొలాల మట్టిలోనే సెలీనియం ఎక్కువ. అక్కడి మేత తిన్న పశువులకు వెంట్రుకలు రాలి గిట్టలు ఊడిన సందర్భాలు ఉన్నాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో 2009 ఏప్రిల్‌లో పోలో పోటీకి సిద్ధమైన 21 గుర్రాలు గంటల వ్యవధిలో చనిపోయాయి. వాటికి ఇచ్చిన విటమిన్–ఖనిజ మందును తయారుచేసిన చోట సెలీనియం మోతాదు తప్పింది. మిల్లీగ్రాముల్లో కొలవాల్సిన వస్తువును చెంచాలతో, దోసిళ్లతో వేయకూడదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అది.

కాబట్టి విటమిన్ ఇ–సెలీనియం పొడి, గిట్టల పొడి, టానిక్ పక్కన పెట్టండి. ఖనిజ లవణ మిశ్రమం ఒక్కటి ఉంచండి. ఎందుకో కూడా చెబుతాను. మీరు పంపిన చీటీలో రాగి 0.10 శాతం, జింక్ 0.80 శాతం, అయోడిన్ 0.026 శాతం అని ఉంది. అంటే 50 గ్రాముల్లో 50 మిల్లీగ్రాముల రాగి, 400 మిల్లీగ్రాముల జింక్, 13 మిల్లీగ్రాముల అయోడిన్. మీ గుర్రానికి రోజుకు కావలసిన జింక్ 280 మిల్లీగ్రాములు, అది తీరిపోయింది. రాగి మామూలుగా 70, చూడి చివరి మూడు నెలల్లో దాదాపు 88 కావాలి. మిశ్రమం నుంచి 50 వస్తుంది, మేత నుంచి మరో ముప్పై నలభై వస్తుంది. సరిపోతుంది.

ఈ రాగి సంగతి మీకు ఇప్పుడు ముఖ్యం, అందుకే కొంచెం ఆగి చెబుతున్నాను. గుర్రం పాలలో రాగి చాలా తక్కువ. పుట్టిన పిల్ల మొదటి నెలల్లో వాడుకునే రాగి కడుపులో ఉండగానే దాని కాలేయంలో చేరి ఉండాలి. ఆ చేరిక జరిగేది చివరి నెలల్లో. తల్లికి అప్పుడు రాగి చాలకపోతే పిల్ల ఎముకలు, కీళ్లలోని మృదులాస్థి సరిగా కట్టకపోవచ్చు. ఈనిన తర్వాత తల్లికి ఎంత పెట్టినా పాలలోకి పెద్దగా రాదు. కనుక ఖనిజ లవణ మిశ్రమం ఒక్క రోజు కూడా మానకుండా, త్రాసులో తూచి, తడిపిన ఉలవల్లో కలిపి పెట్టండి. మైలుతుత్తం మాత్రం వద్దు. ఒక గ్రాము మైలుతుత్తంలో 250 మిల్లీగ్రాముల రాగి ఉంటుంది. ఒకరి చిటికెడు మరొకరి చిటికెడుతో సమానం కాదు. గొర్రెలతో పోలిస్తే గుర్రం రాగిని బాగా తట్టుకుంటుంది, నిజమే. కానీ మిరప తోటలకు పిచికారీ చేయడానికి కొన్న మైలుతుత్తం మేతకు పనికొచ్చే శుద్ధత ఉన్నది కాదు, కడుపులో పుండు పెట్టగలదు.

అయోడిన్ అవసరం రెండున్నర మిల్లీగ్రాములు, మిశ్రమం నుంచే 13 వస్తోంది. హద్దు 35 కనుక ఫరవాలేదు. అయితే ఇక దాని మీద సముద్రపు నాచు పొడి లాంటివి ఎవరు ఇచ్చినా తీసుకోకండి. చూడి గుర్రానికి అయోడిన్ మితిమీరితే పుట్టే పిల్లకు గొంతు దగ్గర థైరాయిడ్ ఉబ్బుతుంది. విచిత్రంగా, అయోడిన్ తక్కువైనా అదే జరుగుతుంది.

ఇనుము టానిక్ గురించి నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. గుర్రాలకు ఇనుము లోపం మేత వల్ల రావడం దాదాపు ఉండదు. గడ్డిలో, గడ్డికి అంటిన మట్టిలో, బోరు నీళ్లలో కావలసినదానికంటే ఎక్కువే ఉంటుంది. లోపలికి వెళ్లిన అదనపు ఇనుమును బయటికి పంపే మార్గం గుర్రం శరీరానికి సరిగా లేదు, అది కాలేయంలో పేరుకుంటుంది. రాగి, జింక్ ఒంటబట్టడానికి కూడా అడ్డం రావచ్చు. చిగుళ్లు పాలిపోయి ఉంటే రక్తం ఎందుకు తగ్గిందో వెతకాలి. లద్దె పరీక్ష చేయించి నులిపురుగులు ఉన్నాయేమో చూడండి. మన డెల్టాలో వానల తర్వాత జోరీగలు ఎక్కువ, అవి రక్తంలో పెరిగే పరాన్నజీవి వల్ల వచ్చే సర్రా జబ్బును మోసుకొస్తాయి. సర్రా ఉన్న గుర్రం జ్వరం వచ్చిపోతూ, చిక్కిపోతూ, పాలిపోతూ ఉంటుంది. దానికి కావలసింది ఒక చుక్క రక్తం గాజుపలక మీద చూడటం. సీసాల కొద్దీ టానిక్ తాగించినా ఆ పరాన్నజీవి చావదు.

మీరు అడగని సంగతి ఒకటి నన్ను మిగతా అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతోంది: రెండున్నర కిలోల గోధుమ పొట్టు. పొట్టులో భాస్వరం కాల్షియానికి ఎనిమిది, తొమ్మిది రెట్లు ఎక్కువ ఉంటుంది. గుర్రానికి కావలసింది దీనికి తలకిందులు, కాల్షియం ఎప్పుడూ భాస్వరం కంటే ఎక్కువ ఉండాలి. వరిగడ్డిలో కాల్షియం తక్కువ, ఉన్నదాన్ని కూడా గడ్డిలోని ఆక్సలేట్లు అనే పదార్థాలు ఒంటబట్టకుండా పట్టి ఉంచుతాయి. ఇలాంటి మేత నెలల తరబడి నడిస్తే శరీరం తన ఎముకల నుంచే కాల్షియం లాక్కుంటుంది. ముఖం ఎముకలు రెండు వైపులా ఉబ్బడం, పళ్లు కదలడం, ఒకరోజు ఒక కాలు మరోరోజు ఇంకో కాలు కుంటడం దాని గుర్తులు. ఇప్పుడు కడుపులో పిల్ల కూడా కాల్షియం అడుగుతోంది. పొట్టులో ఉండే ఫైటేట్ అనే పదార్థం జింక్‌ను కూడా కట్టిపడేస్తుంది. అంటే మీరు ఒక చేత్తో జింక్ పొడి వేస్తూ రెండో చేత్తో దాన్ని అందకుండా చేస్తున్నారు.

పొట్టును పది రోజుల్లో మెల్లమెల్లగా అర కిలోకు తగ్గించండి. దాని స్థానంలో పిల్లిపెసర ఎండు మేత గానీ లూసర్న్ గానీ రోజుకు రెండు కిలోలు పెట్టండి. కృష్ణా డెల్టాలో వరి కోసిన చేలలో పిల్లిపెసర చల్లే రైతులు మీకు తెలిసే ఉంటారు, ఎండు మేతను వాముగా వేసుకున్నవారి దగ్గర కొనుక్కోవచ్చు. బూజు వాసన ఉంటే తీసుకోవద్దు. ఇవి దొరకని వారాల్లో మేతకు పనికొచ్చే సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్, రోజుకు 40 గ్రాములు దాణాలో కలపండి. దానితో 15 గ్రాముల కాల్షియం వస్తుంది. పచ్చికి గరికను మించింది లేదు. కాలువ గట్ల మీద కోయండి, మిరప, పత్తి చేల గట్ల మీద కోయకండి, పురుగుమందు పడి ఉంటుంది. పచ్చి గరిక రోజూ అందితే విటమిన్ ఇ కోసం వేరే వెతకనవసరం లేదు. అది అందకపోతే సెలీనియం కలవని విటమిన్ ఇ ఉంటుంది, రోజుకు 560 యూనిట్లు మీ గుర్రానికి సరిపోతుంది. ఎండు జొన్న చొప్ప పెట్టవచ్చు. పచ్చి జొన్న మాత్రం గుర్రానికి మంచిది కాదు, మూత్రాశయం దెబ్బతిని వెనుక కాళ్లు పట్టు తప్పుతాయి. జనుము కూడా పశువులకు వేస్తారు కదా అని వేయకండి, గింజ పట్టిన జనుము మరీ వద్దు.

ఉప్పు సంగతి మీరు రాయలేదు. ఇవ్వడం లేదనుకుంటాను. రోజుకు 30 గ్రాములు, చెమట బాగా పట్టే ఎండాకాలంలో 40 నుంచి 50 గ్రాములు ఇవ్వండి. గుంటూరు ఎండలో చెమటతో పోయేది ప్రధానంగా ఇదే. ఒంటి రంగు వెలిసిపోవడానికి రాగి లోపం ఒక కారణమే, కానీ చెమట ఆరిన వెంట్రుక మీద ఎండ పడినా ఎర్రబారుతుంది. సాయంత్రం ఒళ్లు కడిగి, మధ్యాహ్నం నీడన కట్టి, కొత్త వెంట్రుక వచ్చాక రంగు చూడండి.

ఇక కోళ్ల దాణా. కోళ్లకు రక్త విరేచనాల జబ్బు రాకుండా దాణాలో మోనెన్సిన్, సాలినోమైసిన్, లాసలోసిడ్ వంటి మందులు కలుపుతారు. కోడికి అవి హాని చేయవు. గేదెలు కూడా కొంత తట్టుకుంటాయి. గుర్రానికి శరీర బరువులో కిలోకు రెండు, మూడు మిల్లీగ్రాముల మోనెన్సిన్ ప్రాణం తీయగలదు. సాలినోమైసిన్ అంతకంటే తక్కువే చాలు. ఇవి గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. విరుగుడు మందు లేదు. బతికి బయటపడిన గుర్రం కూడా పైకి బాగానే తిరుగుతూ, కొన్ని నెలల తర్వాత ఊరేగింపు మధ్యలో కూలిపోవచ్చు, ఆ సమయంలో దాని మీద పెళ్లికొడుకు కూర్చుని ఉంటాడు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కోళ్ల ఫారాలు లేని ఊరు తక్కువ, మిగిలిన దాణా చౌకగా ఇస్తామనేవారు ఎప్పుడూ ఉంటారు. వారు మంచి మనసుతోనే ఇస్తారు. మీరు తీసుకోకూడదు. అదే దాణా మోసిన గోనె సంచుల్లో ఉలవలు పోసి ఉంచడం కూడా వద్దు. మీ పశువుల ఖనిజ లవణ మిశ్రమం చీటీ మీద ఆ మూడు పేర్లు లేవని నేను చూశాను. పాడి పశువుల మిశ్రమాల్లో కొన్నింటిలో మోనెన్సిన్ కలుపుతారు కనుక డబ్బా మార్చిన ప్రతిసారీ మీరూ చదవండి. పేరు అర్థం కాకపోతే ఫోటో తీసి డాక్టరు గారికి చూపించండి.

పరీక్షల విషయంలో ఒక సలహా. వెంట్రుకలు పంపితే ఖనిజాలన్నీ లెక్కగట్టి చెబుతామనేవారికి డబ్బు పోయకండి. చెమట, దుమ్ము, షాంపూ, వెంట్రుక రంగు, అన్నీ ఆ అంకెను మారుస్తాయి. రక్తంలో రాగి, జింక్ అంకెలు కూడా శరీరంలో నిల్వను సరిగా చెప్పవు. సెలీనియానికి మాత్రం రక్త పరీక్ష పనికొస్తుంది, మీరది చేయించాలి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, మీ డాక్టరు గారి చీటీతో అక్కడ అడగండి. నమూనా ఎక్కడికి పంపాలో వారు చెబుతారు. రక్తం తీసిన రోజే చిగుళ్లు, ముఖం ఎముకలు, పళ్లు చూడమనండి, సర్రా కోసం గాజుపలక కూడా తీయించండి.

వెంట్రుకలు రాలడం కొన్ని వారాల్లో తగ్గాలి, కొత్త జూలు పొట్టిగా, నిటారుగా లేస్తుంది. గిట్టకు మాత్రం తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది, ఎందుకంటే పాడైన భాగం కిందికి పెరిగి కొట్టేసేదాకా అక్కడే ఉంటుంది. లాడాలు వేసేవారికి ఆ సంగతి చెప్పి, ఇప్పట్లో పనికి పంపడం లేదు కనుక లాడం లేకుండానే గిట్ట సవరించమనండి. ఈనిన తర్వాత కూడా గిట్ట మెత్తగానే ఉంటే అప్పుడు బయోటిన్ అనే విటమిన్ ఒక్కటే ఉన్న పొడి, రోజుకు 15 మిల్లీగ్రాములు, ఆలోచిద్దాం. నెల తిరిగినా వెంట్రుకలు రాలుతూనే ఉంటే నా అంచనా తప్పిందన్నమాట. అప్పుడు చర్మవ్యాధి కోణంలో చూడాలి. సెలీనియం పరీక్ష ఫలితం, గిట్ట మీద కొలిచిన అంకె, కొత్తగా పెట్టే మేత తూకాలు రాసి పంపండి, ఈనే లోపు మోతాదు ఇంకోసారి కూడి చూస్తాను.